షోపాను నాలుగవ ప్రెల్యూడు: స్వరవాక్యవిచారము

పాశ్చాత్యసంగీతమున ప్రెల్యూడు అను రచనాభేద మొకటి గలదు. ఈ పదము లాటినుభాషనుండి వచ్చినది. అందు ‘ప్రే’ యనఁగా ముందు, ‘లూడెరె’ యనఁగా ఆడుట. ముఖ్యరచనకు ముందు వాద్యముపై నాడునది ప్రెల్యూడని యవయవార్థము. లాటిను ‘ప్రే’యును సంస్కృతమందలి ‘ప్ర’యును ఒక్క కుదుటినుండి వెడలినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. క్రియతోడి యోగమున్నప్పుడే ప్రాదులకు ఉపసర్గసంజ్ఞ యని పాణిని నియమము. ధాతువు లేని యుపసర్గ వైయాకరణుని దృష్టిలో దిక్కులేనిది. జర్మనుదేశీయుఁడగు బాఖు 1722లో సంతరించిన గ్రంథమున ప్రతి ప్రెల్యూడునకును వెనుక ఫ్యూగు అను పెద్దరచన యొకటి యుండును. ధాతువు ముందు ఉపసర్గ నిలిచినట్లు అచట పూర్వరంగము తన స్థానమున నున్నది. పిమ్మట హుమ్మెలు మున్నగువారు ప్రకటించిన చిన్న ప్రెల్యూడులును, వాదకుఁడు కచ్చేరిలో నసలు రచన నెత్తుకొనుటకు ముందు శ్రుతిని స్థాపించుకొనుటకే యుద్దిష్టములు. అట్లుండగా 1839లో ఫ్రెడరిక్ షోపాను తన యిరువదినాలుగు ప్రెల్యూడులను ప్రకటించెను. వీనిలో నొక్కదానికిని వెనుక ఏ రచనయు లేదు. ముందు అను పేరే గాని దేనికి ముందో తెలియదు.

ఈ యిరువదినాలుగింటిలో నాలుగవది, ఇ-మైనరు శ్రుతిలోనిది, విచారమునకు మిక్కిలి యోగ్యము. ఇది యిరువదియైదు బారులు మాత్రమే గల రచన. తాళావర్తమువంటి కొలతఖండమును పాశ్చాత్యులు బారందురు. ఆద్యంతము వాయించుటకు రెండు నిమిషములు పట్టును. వ్రేళ్ల నైపుణ్య మేమియు నక్కఱలేదు. కొన్నియేండ్లు నేర్చిన బాలురును దీనిని వాయింపఁగలరు. అయినను గొప్ప వాదకులు దీనిని వాయించుటకు జంకుట కలదు. దీనిలోని కష్టము చేతిలో లేదు, వాక్యమును గ్రహించుటలో నున్నది.

రచనావృత్తాంత మిది. షోపాను పోలండుదేశమున వార్సానగరసమీపమున 1810లో జన్మించి, యిరువదియొకటవయేట పారిసు చేరి యచటనే స్థిరపడినవాఁడు. 1838 నవంబరులో ఆరోగ్యార్థమై స్పెయినువారి మయోర్కా ద్వీపమునకు రచయిత్రి జార్జి శాండుతోను ఆమె బిడ్డలతోను వెడలెను. బాఖు గ్రంథమును వెంటఁ గొనిపోయెను. డిసెంబరులో వాల్దెమోసా యను నూర శూన్యమైయున్న కార్థూజీయుల మఠమున వారు విడిసిరి. ప్రెల్యూడులలో కొన్ని యంతకుముందే పుట్టినవి. మిగిలినవి యచటఁ బూర్తియై, 1839 జనవరిలో పారిసునందలి మిత్రుఁడు ఫొంతానాకుఁ బంపఁబడెను. పియానోలఁ జేయించు కమీయు ప్లెయేలు వానిని రెండువేల ఫ్రాంకులకుఁ గొనెను. షోపాను స్వహస్తప్రతి వార్సానగరమున జాతీయగ్రంథాలయమున నున్నది.

వాన, చలి, పాడుపడిన మఠము, దగ్గుచున్న రోగి – ఈ సామగ్రి దొరకిన పిమ్మట వ్యాఖ్యాత లూరకుందురా? నాలుగవ ప్రెల్యూడును ఆ మఠపు గోడలతోను ఆ రోగముతోను ముడిపెట్టి వివరించుట పరిపాటియైనది. హాన్సు ఫన్ బ్యూలో యను విద్వాంసుఁడు ఇరువదినాలుగింటికిని పేళ్లు పెట్టి, దీనికి ‘ఊపిరాడమి’ యని యర్థము వచ్చు పేరు తగిలించెను. షోపాను మాత్రము దేనికిని పేరు పెట్టలేదు. జార్జి శాండు తన యాత్మకథలోఁ జెప్పిన సంగతి యొకటి యిచట స్మరింపఁదగినది. ఒకనాఁటి రాత్రి వాయించిన ప్రెల్యూడులో వానచినుకుల ధ్వని వినవచ్చుచున్నదని యామె యనఁగా, బాహ్యధ్వనుల ననుకరించితిననుటను షోపాను సహింపక కోపగించుకొనెనఁట. అది యే ప్రెల్యూడో యామె చెప్పలేదు. ఏదైనను అతని యభిప్రాయము స్పష్టము. వాన కురిసినందున నీ రచన శోకమయమైనదనుట, వాల్మీకికి బోయవాఁ డెదురుపడుటయే రామాయణమునకుఁ జాలిన హేతువనుట వంటిది. నిమిత్తమును జెప్పినంతమాత్రమున రచన యెట్లు పనిచేయుచున్నదో తెలియదు. వాచకములు గాని గీతధ్వనులవలనను రసాభివ్యక్తి కలదని ఆనందవర్ధనుఁ డంగీకరించియున్నాఁడు. ఆ వ్యక్తి యే మార్గమున గలుగుచున్నదో యీ యిరువదియైదు బారులలోనే వెదకవలెను.

కర్ణాటకసంగీతము నెఱిఁగినవారికి సుగమమగుటకై ఇ అను స్వరమును షడ్జముగా గ్రహింపవచ్చును. అప్పుడీ రచనకు మూలమైన స్వరశ్రేణి నఠభైరవి మేళమగును. వాక్యము ముగియుచోట్ల కైశికికి బదులు కాకలినిషాదము వచ్చును. రెంటికిని గల ముఖ్యభేద మొక్కటే. కర్ణాటకసంగీతమున తంబురాశ్రుతి నిలుకడగా నుండఁగా స్వరములు ఒకదానివెంట నొకటి నడుచును. పాశ్చాత్యసంగీతమున మూఁడునాలుగు స్వరములు ఏకకాలమున మ్రోగి యొక ముద్దయగును. దీనిని స్వరసంఘాత మనవచ్చును. హార్మోనియమున్నవారు స, గ, ప మెట్లను ఒక్కసారి నొక్కిచూచినచో నిది తెలియఁగలదు. ఆ సంఘాతమున షడ్జము అన్నిటికన్నను క్రిందనున్నచో శ్రోతకు ఇల్లు చేరినట్లుండును. గాంధారమును క్రిందనుంచి షడ్జమును పైకి జరపినచో స్వరము లవియే యైనను స్థైర్యము తగ్గును, ఇంకను నడువవలసినది గలదను భావము పుట్టును. సంఘాతములకు నిట్లు పరస్పరాపేక్ష గలదు. పంచమమూలకమైన సంఘాతము షడ్జమూలకమైనదానిని గోరును. శాబ్దికులు పదములయందుఁ జెప్పెడి ఆకాంక్ష యిదియే. ‘దేవదత్తుఁడు గ్రామమునకు’ అని యాపినచో చెవి క్రియాపదమునకై యెట్లు కాచియుండునో యిదియు నట్లే.

కుడిచేయి చేయు పని మిక్కిలి స్వల్పము. క్రింది పంచమమునుండి పై పంచమమున కొక్కసారి యెగిరి, యచట నిలుచును. పిదప ప–ధ, ప–ధ, ప–ధ అని మూఁడు బారులు. పంచమము దీర్ఘము, శుద్ధధైవతము హ్రస్వము. శుద్ధధైవతము పంచమమున కొక్క మెట్టు మాత్రమే పైనున్నది గనుక దానిమీఁదికే వ్రాలుచుండును. నాలుగవ బారున పంచమము దిగుటకుఁ బ్రారంభించును. పంచమమునకును శుద్ధమధ్యమమునకును నడుమనున్న నల్లమెట్టును ముట్టి, మధ్యమమును జేరును. ఈ నల్లమెట్టు మఱల రావలసియున్నది, పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. అయిదవ బారునుండి మ–ప, మ–ప, మ–ప. ఇచట సూక్ష్మ మొకటి కలదు. మొదట ధైవతము పంచమమునానుకొని బ్రతికినది. ఇప్పుడు పంచమమే మధ్యమము నానుకొను హ్రస్వమైనది. ఏది విశ్రాంతిస్థానముగా నుండెనో యదియే నిలువనీడలేక పక్కస్వరమయ్యెను. విలాపమునకు నిట్టి యల్పసాధన మింకొకటి దొరకుట యరుదు. పిమ్మట రాగరేఖ మఱియు దిగి చతుశ్శ్రుతిరిషభమున నాగును. షడ్జమున కింక నొక్కటే మెట్టు.

ఎడమచేయి బారునకు ఎనిమిదేసి పర్యాయములు మూఁడుస్వరముల సంఘాతమును మెల్లగా మ్రోగించుచుండును. మొదటి సంఘాతము స–గ–పలే, కాని గాంధారము క్రిందనున్నది. అనఁగా రచన యింటిలో మొదలుకాక వాకిట మొదలైనది. తరువాత నా మూఁడుస్వరములును అర్ధాంతరములచే దిగుచుండును. మూఁడును ఒక్కసారి దిగవు. ఒకటి దిగును, తక్కినవి యుండును. పిదప నింకొకటి దిగును. కుటుంబమున నొకరివెనుక నొకరు లేచిపోవుచున్నట్లుండును. ఇట్లు దిగుటలో నడుమ నడుమ చెవికిఁ దెలిసిన సంఘాతము లేర్పడుచుండును. అవి యేదో యొక గమ్యము నాకాంక్షించును. ఆకాంక్ష పుట్టిన మఱుక్షణముననే మఱియొక స్వరము జాఱి, యా సంఘాతము వేఱొకటియై పోవును. కర్త వచ్చెను, క్రియ రాకమునుపే కర్త మాఱిపోయెను. శ్రోత యొక్కొక్కసారి నిరీక్షించి, నిరీక్షించినది దొరకకయే ముందునకు నడువఁబడును. అడుగుస్వరము గాంధారమునుండి దిగి దిగి పండ్రెండవ బారునకు మంద్రపంచమమును జేరును. వాక్యార్ధము ముగిసెను గాని వాక్యము ముగియలేదు.

అర్ధాంతరములచే దిగు అడుగుస్వరము శోకచిహ్నమగుట షోపానుతో మొదలైనది కాదు. యూరపునందు రెండువందలయేండ్లకుఁ బూర్వమునుండియే యది సంప్రదాయము. ఇంగ్లండున పర్సెలు తన నాటకమున రాణి డైడో మరణవిలాపమునకు నట్టిదానినే వాడెను. బాఖు తన బి-మైనరు మాసునందు క్రీస్తును సిలువవేసిన ఘట్టమున, సరిగా నీ యిమైనరు శ్రుతిలోనే, అట్టి యవరోహణమును పదమూఁడు పర్యాయము లావర్తింపఁజేసెను. అయితే వారి రచనలలో దిగువాఁడొక్కఁడు, తక్కినవారు వానిపై మేడ కట్టుదురు. షోపాను మేడనంతయు దిగనిచ్చెను. ఇది యతని క్రొత్తపోకడ.

పదమూఁడవ బారున మొదటి వాక్యమే మఱల నెత్తుకొనఁబడును. ఈ పర్యాయము దిగుట త్వరగా సాగును. పదునాఱవ బారున గతిని బిగింపుమను సూచన గలదు. పదునేడవ బారున, రచన యంతటిలో నొక్కచోట మాత్రమే, బలముగా మ్రోగింపుమను గుర్తు గలదు. అంతవఱకు నొక్కచోట ముడుచుకొనియుండిన రాగరేఖ పెద్ద యంతరములలో నెగిరి పడును. కొందఱు వాదకులు ఈ బారును రచనకుఁ బ్రాణమని యెంచి పియానో పగులునట్లు కొట్టుదురు. అది యుచితముగాఁ దోఁచదు. ఆ కేక వెంటనే యడఁగిపోవుటకే పుట్టినది. అది వాక్యము నొక్క మెట్టును ముందునకు నడపదు.

వాక్యము నడచుట దానితరువాతనే. పంచమమూలకసంఘాతము వచ్చి షడ్జము నాకాంక్షించును. ఇరువదియొకటవ బారున రాగరేఖ యెట్టకేలకు షడ్జమును జేరును. మొదటి సగమున రిషభముకడఁ దెగినది యిచటఁ బూర్తియైనది. కాని క్రింద నున్నది షడ్జము కాదు, శుద్ధధైవతము. పైన మాట ముగిసినది, క్రింద ముగియలేదు. పాశ్చాత్యలాక్షణికులు దీనిని వంచితసమాప్తి యందురు. ఇంకను రెండు బారులు నడచి, ఇరువదిమూఁడవ బారున నొక సంఘాతము మ్రోగి, పిదప నిశ్శబ్దము. ఎంతసేపైన నిలుపుకొనవచ్చునను గుర్తు ఆ నిశ్శబ్దముపై నున్నది.

రచనయందలి గ్రంథి యా సంఘాతమే. దానియందు ధ, స, గ లున్నవి. అన్నిటికన్న క్రింద, నాలుగవ బారున కుడిచేయి ముట్టిన యా నల్లమెట్టున్నది. ఆ మెట్టునకు రెండు పేళ్లు గలవు. పంచమము నొక మెట్టు తగ్గించితిమన్నచో బి-ఫ్లాటు. మధ్యమము నొక మెట్టు పెంచితిమన్నచో ఏ-షార్పు. పియానోపై రెండును ఒక్కటే, చెవికిని ఒక్కటే. వ్రాఁతలో మాత్రము వేఱు, వ్యాకరణములో మఱియు వేఱు. బి-ఫ్లాటైనచో నా సంఘాతము శుద్ధధైవతమూలకమై, ఎచటనో దూరముననున్న శుద్ధరిషభమూలకసంఘాతము నాకాంక్షించును. ఏ-షార్పైనచో నది ప్రతిమధ్యమము, పంచమమున కెగఁబ్రాకును. పైనున్న ధైవతము అదే పంచమమునకు దిగును. రెండును ఇరుప్రక్కలనుండి పంచమముపైఁ గలియును.

ఒక్క స్థానమునకు రెండు పేళ్లుండుట కర్ణాటకసంగీతశాస్త్రమునకు వింత కాదు. వేంకటమఖి డెబ్బదిరెండు మేళముల వ్యవస్థ పండ్రెండు స్థానములకుఁ బదియాఱు పేళ్లుండుటవలననే నిలిచినది. చతుశ్శ్రుతిరిషభమున్న స్థానముననే శుద్ధగాంధారము నున్నది. కనకాంగిలో శుద్ధరిషభము ముందే యుండుటచేత నా స్థానము గాంధారమనిపించుకొనును. సహవాసమును బట్టి పేరు. కాని పంచమమునకు వికృతి లేదని యీ శాస్త్రము శాసించుచున్నది. కావున బి-ఫ్లాటును దీని సంజ్ఞలతోఁ జెప్పుటకే వీలు లేదు. బడిపిల్లలకు శబ్దమంజరి చెప్పు పండితునకు వేఱొక యుదాహరణము వెంటనే స్ఫురించును. ‘రామాభ్యామ్’ అను రూపము తృతీయకును చతుర్థికిని పంచమికిని సమానము. రూపమును జూచి విభక్తిని నిర్ణయించుట శక్యము కాదు. వెనుక వచ్చు క్రియ చెప్పవలెను.

ఇరువదిమూఁడవ బారున క్రియ యింకను రాలేదు. నిశ్శబ్దమున్నది. ఆ నిశ్శబ్దమున శ్రోత సంశయగ్రస్తుఁడు. ఇరువదినాలుగవ బారున నల్లమెట్టు పైకెక్కి పంచమమగును. అప్పుడు గాని యది ప్రతిమధ్యమముగాఁ బ్రవర్తించినదని నిర్ణయము కాదు. కావున శాస్త్రానుసారము ఏ-షార్పని వ్రాయవలసియుండెను. షోపాను బి-ఫ్లాటని వ్రాసెను. ఇది లేఖకదోషమనుటకుఁ దగదు. నాలుగవ బారున నా మెట్టు పంచమమునుండి మధ్యమమునకు దిగుచుండెను గనుక అచట దానికి బి-ఫ్లాటు న్యాయమైన పేరు. రచన నడుచుటకు మొదట దారితీసిన దిగుమెట్టు అదియే. తుదిలో నదే ధ్వని అట్టడుగునకుఁ జేరి, దిగుటకు మాఱుగా నెక్కినది. షోపాను దానికిఁ బాతపేరునే యుంచెను. దిగుచున్నదని వ్రాసి యెక్కించెను. శ్రోతకు వ్రాఁత కనఁబడదు, నిజమే. కాని వాదకునకుఁ గనఁబడును. ఆ పేరును జూచినవాఁడు ముందేమి రానున్నదో తెలిసినవానివలె దానిని వాయింపఁడు, దిగిపోవు దానిని వలె నొక్కి విడుచును. అప్పుడు తరువాతి యారోహణము వానికిఁ గూడ నాశ్చర్యకరమగును. శాస్త్రీయమైన యేఏ-షార్పును వ్రాసియున్నచో నీ సంశయము కాగితముమీఁదనే తీఱిపోయెడిది.

పిమ్మట మూఁడు సంఘాతములు మాత్రము మిగిలినవి. మిక్కిలి మెల్లగా, మిక్కిలి క్రిందుగా మ్రోగును. మొదటి రెండును పంచమమూలకములు, కడపటిది షడ్జమూలకము. షడ్జము అడుగున స్థిరముగా నిలిచిన గృహరూపము దొరకునది కడపటి బారుననే. మొదటి బారున వాకిట నిలిచినవాఁడు ఇరువదియైదవ బారున లోనఁ బ్రవేశించెను. తుదివర్ణము వినఁబడినప్పుడు పూర్వవర్ణసంస్కారములన్నియుఁ గలిసి వాక్యార్థమును స్ఫురింపఁజేయునని శాబ్దికులును మీమాంసకులును విచారించిన విషయము ఇంతకన్నఁ బ్రత్యక్షముగాఁ జూపుట కష్టము. అయిన నీ గృహప్రవేశమున సంతోషము లేదు. రాగరేఖ తన మాటను నాలుగు బారులకు ముందే ముగించినది. గృహము దొరకునప్పటికి మాటలాడువాఁడు లేఁడు.

వాదనక్రమమునుగూర్చి యొక్కమాట. శిరోభాగమున మందగతి యను సూచన గలదు. కాని స్వహస్తప్రతియందలి తాళచిహ్నము బారునకు నాలుగు దెబ్బలు కాక రెండుదెబ్బలే యని తెలుపుచున్నది. దీనిని లెక్కింపక యెనిమిది సంఘాతములను ఎనిమిది దెబ్బలుగా నీడ్చి వాయించువారు పెక్కండ్రు. అట్లు చేసినచో ఒక్కొక్క సంఘాతము విడిగా నేడ్చును గాని వాక్యము వినఁబడదు. ఆకాంక్షకు సన్నిధి యావశ్యకము. పదమునకుఁ బదమునకు జాముసేపు విరామమిచ్చినచో శాబ్దబోధము కలుగదని తర్కశాస్త్రము చదివిన ప్రతివాఁడు నెఱుఁగును. షోపాను కోరినది నిదానమే కాని యీడ్పు గాదు.

షోపాను 1849 అక్టోబరు 17న పారిసులో మరణించెను. 30వ తేదిన మదెలేను దేవాలయమున నంత్యక్రియలు జరుగఁగా మోజార్టు రెక్వియమును గానము చేసిరి. ఈ ప్రెల్యూడును, ఆఱవదియగు బి-మైనరు ప్రెల్యూడును ఆర్గనుపై లెఫెబ్యూర్-వెలీ వాయించెను. ఆర్గనుస్వరము గాలితోఁ బలుకును గనుక మెట్టు నొక్కియున్నంతసేపు తగ్గక మ్రోగును. పియానోలో సుత్తి తీగను గొట్టిన క్షణమునుండియే స్వరము క్షీణింపఁదొడఁగును. కుడిచేతి దీర్ఘపంచమము ఎడమచేయి యెనిమిదిసార్లు మ్రోగించులోపలనే సన్నగిలి, హ్రస్వధైవతము వచ్చునప్పటికి సగము పోయియుండును. షోపాను వ్రాసినది యా క్షయమును లెక్కఁగొనియే. హార్మోనియముపై దీనిని బరీక్షింపఁగోరువారు ఆర్గనుతో నిదియొక సామ్యము గలదని యెఱిఁగి, దీర్ఘస్వరముపై గాలిని గ్రమముగాఁ దగ్గించుచు వాయించినచో నసలు స్వరూపమునకుఁ గొంత దగ్గఱగా వచ్చును.